కోటీశ్వర ప్రశ్నక్రీడ : సంశయనిశ్చయ విచారము

కావ్యములను, శాసనములను, వ్యాకరణగ్రంథములను పరామర్శించు ఈ పత్రికలో టెలివిజను వినోదమునకు తావేల యని విజ్ఞులు కొందఱు శంకింపవచ్చును. ప్రశ్నోత్తరరూపము మనకు క్రొత్తది కాదు. ఉపనిషత్తులలో ఒకదానికి ప్రశ్నయే పేరు. మహాభాష్యము ఆక్షేపసమాధానములతో నడచిన గ్రంథము. భారతమున యక్షుడు ధర్మరాజును ప్రశ్నించి సమాధానములు రాబట్టెను. అట్టి ప్రాచీనరూపము నేడు ధనముతో ముడివడి, లక్షలకొలది జనుల యెదుట నాటకమువలె ప్రదర్శితమగుచుండగా, దాని గుణదోషములను విచారించుట పండితులకు అప్రస్తుతము కాజాలదు. అంతేకాదు, మన పాఠశాలలలోని పరీక్షలు నానాటికి ఈ క్రీడారూపమునే దాల్చుచున్నవి. కావున ఇది వినోదవిచారము మాత్రమే కాదు, విద్యావిచారము కూడ.

ముందుగా దీని పుట్టుపూర్వోత్తరములు. 1998 సెప్టెంబరు 4వ తేదీన ఇంగ్లండులో ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనేర్?’ అను పేరున ఈ క్రీడ మొదలయ్యెను. 2000 జూలై 3వ తేదీన అమితాబ్ బచ్చన్ నిర్వాహకుడుగా ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ అను హిందీరూపము స్టార్ ప్లస్‌లో వెలసెను. తెలుగున 2014లో నాగార్జున నిర్వహించిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మా టీవీలో వచ్చినది. 2017లో చిరంజీవి దానికి నిర్వాహకుడయ్యెను. 2021లో జూనియర్ ఎన్.టి.ఆర్. నిర్వహణమున ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ జెమినీ టీవీలో ప్రసారమయ్యెను. ఈ పేళ్ళలోని చివరి పదమును గమనింపుడు. ‘కోటీశ్వరుడు’ అనుచోట స్పర్ధాళువు పురుషుడనియే తోచును. ‘కోటీశ్వరులు’ అని బహువచనము చేయగా ఆ పరిమితి తొలగినది. పేరు మార్చినవారి ఉద్దేశ మేదైనను, మార్పు సాధువే.

ఇక క్రీడాస్వరూపము. 2000 నాటి హిందీరూపమున మొదట పదిమంది స్పర్ధాళువులు ఒక్క ప్రశ్నకు ఉత్తరములను సరియైన క్రమమున అమర్పవలెను. తప్పులేకుండ అందఱికంటె శీఘ్రముగా అమర్చినవాడు నిర్వాహకుని యెదుట ఆసనము నలంకరించును. వానికి వరుసగా 15 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకును నాలుగు ఉత్తరములు చూపబడును. వానిలో ఒక్కటియే సరియైనది. మొదటి ప్రశ్నకు 1,000 రూపాయలు, అటుపిమ్మట 2,000, 3,000, 5,000, 10,000, 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000, 6,40,000, 12,50,000, 25,00,000, 50,00,000, పదునైదవదానికి కోటి. 10,000, 3,20,000 అను రెండు మెట్లు రక్షితస్థానములు. తప్పు చెప్పినవాడు తాను అంతకుముందు దాటిన రక్షితస్థానమునకు జారిపడును. ప్రశ్నను విన్న పిదప ఉత్తరము చెప్పక, అంతవరకు గెలిచినదానిని గైకొని లేచిపోవుటకును అనుమతి కలదు. రెండు తప్పుటుత్తరములను తొలగించుట, సభాసదుల అభిప్రాయ మడుగుట, మిత్రునికి ఫోను చేయుట అను మూడు సహాయములు ఒక్కొక్కటి ఒక్కొక్కమాఱు మాత్రమే లభించును. వీనినే లైఫ్‌లైనులందురు.

ఈ నాలుగు ఉత్తరములను మనవారు వికల్పములని వ్యవహరించుట కలదు. వైయాకరణులకు ఇది కర్ణకఠోరము. వ్యాకరణమున వికల్పమనగా రెండు రూపములును సాధువులగుట. ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ అనువానిలో ఏది పలికినను దోషము లేదు. ఈ క్రీడలోనో, నాలుగింట మూడు అసాధువులు. కావున వీనిని పక్షములనుట యుక్తము: మూడు పూర్వపక్షములు, ఒక సిద్ధాంతము. ఇది పేరునుగూర్చిన పట్టుదల మాత్రమే కాదు. ప్రశ్నారచన మంచిదో చెడ్డదో తేల్చు గీటురాయి ఇందే యున్నది. బలములేని పూర్వపక్షమును ఖండించిన శాస్త్రకారునకు కీర్తి రానట్లే, నమ్మదగని పక్షములనడుమ సిద్ధాంతమును ఏరినవానికి ప్రశంస లేదు.

మంచి రచనకు రెండు నిదర్శనములు చూపుదును. 2000 నవంబరు 20వ తేదీన ఇంగ్లండులో జూడిత్ కెపెల్ అను నామె పదిలక్షల పౌనుల ప్రశ్నకు ఉత్తర మిచ్చి, ఆ దేశపు క్రీడలో ప్రథమవిజేత యయ్యెను. అక్విటేను దేశపు ఎలియనోరును పెండ్లాడిన రాజెవ్వడని ప్రశ్న. మొదటి హెన్రీ, రెండవ హెన్రీ, మొదటి రిచర్డు, అయిదవ హెన్రీ అని పక్షములు. రెండవ హెన్రీ సిద్ధాంతము. రిచర్డు పేరు ఊరక చేర్చినది కాదు. అతడు ఆమె కుమారుడు. ఎలియనోరు పేరును రిచర్డుతో జతపఱచి విన్నవాడు, సంబంధ మెట్టిదో మఱచినచో అచ్చట పడును. ముగ్గురు హెన్రీలను నిలుపుటచేత, పేరు మాత్రము తెలిసి సంఖ్య తెలియనివాడును పడును. అదే సంవత్సరము మన దేశమున హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచిన ప్రశ్న ఇట్టిది: పార్లమెంటు కార్యకలాపములందు పాల్గొన రాజ్యాంగము ఎవ్వరికి అనుమతి యిచ్చుచున్నది? సొలిసిటర్ జనరల్, అటార్నీ జనరల్, క్యాబినెట్ కార్యదర్శి, ప్రధాన న్యాయమూర్తి అని పక్షములు. అటార్నీ జనరల్ అని సిద్ధాంతము. సొలిసిటర్ జనరల్ కూడ ప్రభుత్వ న్యాయాధికారియే యగుటచే ఆ పక్షము బలవత్తరము. ఇట్టి ప్రశ్నలు తెలిసినవానిని, సగము తెలిసినవానిని వేఱుపఱచును. ఏమియు తెలియనివానిని వేఱుపఱచుటకు ఇంత శ్రమ యక్కఱలేదు.

ఇచ్చట ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన విషయమునకు వచ్చుచున్నాను. ఈ క్రీడ జ్ఞానపరీక్ష యని లోకము తలచుచున్నది. అది పైపై రూపము. వాస్తవమున ఇది తన జ్ఞానముయొక్క ప్రామాణ్యమును తాను ఎఱుగగలడా యను పరీక్ష. లేచిపోవుటకు అనుమతి యున్నదిగదా! కావున తెలియనివాడు తెలియదని యెఱిగినచో వానికి నష్టము లేదు. నష్టపడువాడు తెలియకయే తెలిసినదని నమ్మినవాడు. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్న, చీకటిలో కనబడునది మ్రోడో మనిషియో యను సంశయముగలవాడు ఇచ్చట క్షేమముగా ఇల్లు చేరును. మ్రోడును మనిషియని నిశ్చయించిన విపర్యయవంతుడు పడిపోవును. జ్ఞానముతోపాటే దాని ప్రామాణ్యమును తెలియునని మీమాంసకులమతము; ప్రామాణ్యము అన్యహేతువుచేతనే తెలియవలెనని నైయాయికులమతము. శాస్త్రమున ఎవ్వరి మతము గెలిచినను, ఆ యాసనముపై కూర్చున్నవాడు నైయాయికుడుగా నుండుటయే శ్రేయస్కరము. ‘నాకు తోచినది’ అనుట చాలదు. ‘ఏల తోచినది’ అని తన్ను తాను అడుగుకొనవలెను.

స్పర్ధాళువుల వైఫల్యములను ఈ దృష్టితో పరిశీలించిన నాలుగు తెగలుగా విడిపోవును.

మొదటిది ప్రశ్నను పూర్తిగా వినకపోవుట. యక్షప్రశ్నల సందర్భమున నకుల సహదేవార్జున భీములు నలుగురును సరస్సుకడ పడిరి. వారు ఉత్తరము తెలియక పడలేదు. ప్రశ్నను లెక్కసేయక పడిరి. తెలుగువారికి ఈ ప్రమాదము భాషాస్వభావమువలన మఱింత హెచ్చు. ఇంగ్లీషు ప్రశ్నలో నిషేధపదము సాధారణముగా మొదటనే వినబడును. తెలుగున నిషేధము క్రియతో కలిసి వాక్యాంతమునకు చేరును. ఉదాహరణార్థము నేను కల్పించిన ప్రశ్న యిది: ‘ఈ నదులలో బంగాళాఖాతమున కలియనిది ఏది?’ గోదావరి, కృష్ణ, నర్మద, పెన్న అని పక్షములు. ‘బంగాళాఖాతమున’ అను మాట చెవిని బడగనే గోదావరి యని నిశ్చయించినవానికి ‘కలియునది’, ‘కలియనిది’ అనువాని భేదము రెండక్షరములలో జాఱిపోవును. నర్మద అరేబియా సముద్రమున కలియునని వానికి తెలియకపోలేదు. శబ్దబోధ లోపించినచోట అర్థజ్ఞానము నిరుపయోగము. బాలురకు వాక్యాన్వయము నేర్పు పండితులు ఈ తెగను ప్రత్యేకముగా గుర్తింపవలెను.

రెండవది అస్థానసాహసము, దానికి జోడైన అస్థానభయము. ఇది గణితవిషయము. 3,20,000 గెలిచి పదునొకండవ ప్రశ్న నెదుర్కొనువాడు తప్పు చెప్పినను 3,20,000తోనే పోవును, అది రక్షితస్థానము. ఒప్పైనచో 6,40,000. వానికి పోవునది కానియైనను లేదు. అట్టిచోట ఉత్తరము చెప్పక లేచుట వినయము కాదు, లెక్క తెలియమి. 10,000 గెలిచి ఆఱవ ప్రశ్న వినువానికిని ఇదియే న్యాయము. తరువాతి మెట్టున స్థితి మాఱును. 6,40,000 గలవాడు గెలిచిన 6,10,000 అధికముగా వచ్చును, ఓడిన 3,20,000 పోవును. కావున తన యుత్తరము నిజమగుటకు నూటికి సుమారు 34 పాళ్ళయినను అవకాశ మున్నచోనే సాహసింపదగును. 12,50,000 గలవానికి ఓడిన 9,30,000 పోవును, గెలిచిన 12,50,000 వచ్చును. వానికి కావలసిన నిశ్చయము నూటికి సుమారు 43 పాళ్ళు. 25,00,000 గలవానికి 47. 50,00,000 గలవానికి 48. మెట్టెక్కినకొలది కావలసిన నిశ్చయమును పెరుగుచున్నది. నాలుగు పక్షములనడుమ గుడ్డిగా ఒకదానిని పట్టినవానికి నూటికి 25 పాళ్ళే యుండును గావున పండ్రెండవ ప్రశ్న మొదలుకొని అట్టి సాహసము తగదు. ఇది సగటులెక్క మాత్రమే. పోవు 9,30,000 ధనికునకు ఒకటి, ఇల్లు తాకట్టున నున్నవానికి వేఱొకటి. కావున ఈ లెక్క హద్దును చూపునుగాని ఆజ్ఞాపింపదు.

మూడవది సహాయములను అస్థానమున వినియోగించుట. సిగ్గుచేత కొందఱు చిన్న ప్రశ్నకు సహాయ మడుగక పడుదురు; తొందరచేత కొందఱు తెలిసినదానికే సహాయము వెచ్చించి, కావలసినపుడు రిక్తహస్తులగుదురు. ఇందు సభాసదుల యభిప్రాయమునుగూర్చి ఒక ప్రసిద్ధవాదము కలదు. అమెరికా దేశపు క్రీడలో సభాసదుల యుత్తరము నూటికి 91 పర్యాయములు సరియైనదనియు, స్పర్ధాళువు ఎన్నుకొన్న మిత్రుని యుత్తరము నూటికి 65 పర్యాయములే సరియైనదనియు జేమ్స్ సురోవికీ 2004లో ప్రకటించిన గ్రంథమున చూపి, సమూహబుద్ధి పండితబుద్ధిని మించునని వాదించెను. అంకెలు సత్యములైనను అనుమానము సోపాధికము. సభను సామాన్యముగా సులభప్రశ్నలకడ అడుగుదురు; మిత్రుని కఠినప్రశ్నలకొఱకు దాచుకొందురు. ప్రశ్నయొక్క సౌలభ్యమే ఇచ్చట ఉపాధి. పొగకు నిప్పు హేతువుగాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండవలెననుటకు తడికట్టె కావలెను గదా! ఒకే కాఠిన్యముగల ప్రశ్నల నిచ్చి ఇరువురను పరీక్షించినచోగాని ఈ వాదము నిలువదు. ఇందుండి స్పర్ధాళువు గ్రహింపవలసిన దింతే: లోకప్రసిద్ధ విషయమునకు లోకము ప్రమాణము, శాస్త్రవిషయమునకు తజ్జ్ఞుడు ప్రమాణము.

నాల్గవది నిర్వాహకుని ముఖమునుండి ఉత్తరము చదువబూనుట. ‘నిశ్చయమేనా? లాక్ చేయమందురా?’ అని నిర్వాహకుడు అడిగినతోడనే కొందఱు తమ యుత్తరము తప్పని యూహించి మార్చుకొందురు. నిర్వాహకుడు ఉత్తరము తప్పైనను ఒప్పైనను అట్లే అడుగుచుండును. రెండుచోట్లను వర్తించు హేతువు దేనిని సాధింపజాలదు. దీనినే అనైకాంతికహేత్వాభాస మందురు. ఇట్లు సరియైన యుత్తరమును విడిచి పడినవాని దోషము అజ్ఞానము కాదు, దుర్బలనిశ్చయము. దీనికి ప్రత్యుదాహరణముగా 1999 నవంబరులో అమెరికా క్రీడయందు ప్రథమవిజేత యైన జాన్ కార్పెంటరును చూపవచ్చును. అతడు చివరి ప్రశ్నకు మిత్రసహాయ మడిగి తండ్రికి ఫోను చేసెను. సాయముకొఱకు గాదు; తనకు సాయ మక్కఱలేదనియు, తాను గెలువబోవుచున్నాననియు చెప్పుటకు. నిశ్చయమనగా అట్టిది. అయినను అది పరీక్షితమైన నిశ్చయ మగుటచే శోభించినది. లేకున్నచో గర్వోదాహరణముగా మిగులును.

ఇంతవరకు స్పర్ధాళువుల దోషములు. రచయితల దోషములును కలవు. వైఫల్యము ప్రేక్షకునకు రుచించుననుట నిజము. ఆ రుచిని వ్యాపారముగా మార్చినవారు సత్యమును బలిపెట్టిరి. అమెరికాలో 1956లో ‘ట్వెంటీ వన్’ అను ప్రశ్నక్రీడయందు హెర్బర్ట్ స్టెంపెల్ అను స్పర్ధాళువును నిర్మాతలు బుద్ధిపూర్వకముగా ఓడిపొమ్మనిరి. 1955 సంవత్సరపు ఉత్తమచిత్రమునకు ఆస్కారు పొందినది ‘మార్టీ’ యని యెఱిగియు అతడు ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ అని చెప్పి ఓడెను. వాని స్థానమున వచ్చిన చార్లెస్ వాన్ డోరెన్ అను ఆచార్యునకు ఉత్తరములు ముందే అందినవి. 1959 నవంబరులో అతడు శాసనసభాసంఘము నెదుట దానిని ఒప్పుకొనెను. మరుసటి సంవత్సరమే అట్టి కపటమును నేరముగా పరిగణించు శాసనము వచ్చినది. అచ్చట కపటము నిర్మాతలది. ఇంగ్లండున స్పర్ధాళువుపై మోపబడినది. 2001లో చార్లెస్ ఇంగ్రామ్ అను సైన్యాధికారి, సభలోని దగ్గు సంకేతములచేత ఉత్తరము లెఱిగి పదిలక్షల పౌనులు గెలిచెనని అభియోగము రాగా, 2003లో న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించెను. ఆ ధనము అతనికి ముట్టలేదు. తెలిసి తప్పు చెప్పుట, తెలియక ఒప్పు చెప్పుట యను ఈ రెండును ఒకే నాణెమునకు రెండు ముఖములు. ఉత్తరమునకు హేతువు నడుగని పద్ధతియందు మాత్రమే ఈ రెండును సాధ్యమగును.

ఇక సాహిత్యదృష్టితో చూతము. భరతుడు చెప్పిన సంచారిభావములలో శంక, చింత, స్మృతి, వితర్కము, మతి, హర్షము, విషాదము మున్నగునవి యన్నియు ఆ యాసనముపై గడియసేపటిలో కనబడును. ఉత్తరము స్థిరపఱచిన పిదప ఫలితము చెప్పకుండ నిర్వాహకుడు పాటించు మౌనము మంచి నటుని కాలజ్ఞానమును జూపును. ఐనను సంచారులు స్థాయిని పోషించినపుడుగాని రసము లేదు. పాత్రయొక్క ఉత్సాహము ధనముతో మొదలై ధనముతో ముగియుచుండగా, ఉత్తరము తెలిసినందువలన వానిలో కలిగిన మార్పు శూన్యమగుచుండగా, ప్రేక్షకునకు మిగులునది ఔత్సుక్యము మాత్రమే. ప్రదర్శనము ముగిసిన మరునాడు ప్రశ్న జ్ఞప్తికి రాదు. మొత్తమే జ్ఞప్తికి వచ్చును.

మన వాక్యార్థసభలతో పోల్చిన భేదము స్పష్టమగును. అచ్చట ప్రతిజ్ఞ చెప్పినంతమాత్రమున ఎవ్వరును తలయూపరు. హేతువు చెప్పవలెను, ఆక్షేపమును పరిహరింపవలెను. అష్టావధానమున పృచ్ఛకు లెనిమిదిమంది యడ్డుపడినను, అవధాని యుత్తరము నాలుగింట నొకటిగా ముందే వ్రాసి యుండదు. అతడు దానిని సృజింపవలెను. తిరుపతి వేంకటకవులు ఆంధ్రదేశమున సంపాదించిన ఖ్యాతి ఎన్నుకొనుటవలన వచ్చినది కాదు, నిర్మించుటవలన వచ్చినది.

అయినను ఈ క్రీడకు ఒక గుణము కలదు. న్యాయముగా దానిని చెప్పవలెను. ‘నాకు తెలియదు’ అన్నవానిని ఇది గౌరవించి, చేతినిండ ధనమిచ్చి పంపును. మన పరీక్షలు ఆ మర్యాదయు నెఱుగవు. తెలుగురాష్ట్రముల ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలు. తప్పునకు మార్కు తగ్గింపు లేదు. కావున తెలియని ప్రశ్నను విడిచిపెట్టిన బాలుడు మూఢుడనిపించుకొనును. వైద్యవిద్యాప్రవేశమునకైన నీట్ పరీక్షలో ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు ఒకటి తగ్గింపు. నాలుగింట గుడ్డిగా ఒకదానిని గుర్తించినను సగటున పావు మార్కు లాభమే. అనగా సంశయమును సంశయముగా నిలుపుకొన్న విద్యార్థి దండితుడు. సంశయమునకు నిశ్చయపు ముసుగు వేసినవాడు పురస్కృతుడు. వినోదముకొఱకు పుట్టిన క్రీడ విద్యకొఱకు పుట్టిన పరీక్షకంటె ఈ యొక్క విషయమున ధర్మబద్ధముగా నున్నది. ఇది మనము సిగ్గుపడవలసిన సంగతి.

దీనికి ప్రతిక్రియ పాఠశాలాపండితుల చేతిలోనే కలదు. ప్రభుత్వపరీక్షలను మార్చు శక్తి మనకు లేకపోవచ్చును. తరగతిలో ప్రశ్న అడుగు పద్ధతి మనదే. నాలుగు పక్షముల ప్రశ్న యిచ్చినపుడు సరియైనదానిని గుర్తింపుమనుటతో నిలువక, తక్కిన మూడును ఏల కావో ఒక్కొక్క వాక్యమున వ్రాయుమనవలెను. అప్పుడు పూర్వపక్షఖండనము బాలునకు అభ్యస్తమగును. ‘తెలియదు’ అని వ్రాసినవానికి సున్నయును, తెలియక తప్పు వ్రాసినవానికి అంతకంటె తక్కువయును ఇచ్చి, ఆ రెండింటి భేదమును వానికి బోధింపవలెను. ప్రశ్నను చివరి యక్షరమువఱకు చదివించి, నిషేధమెచ్చటనున్నదో గీతగీయుమనవలెను. ఇట్లు శిక్షితుడైన విద్యార్థి ఏనాడైన ఆ యాసనముపై కూర్చున్నను, లేక జీవితమున మఱి యే నిర్ణయమునకు పూనుకొన్నను, తన జ్ఞానపుటెల్లను తానెఱిగి నిలుచును. కోటి వచ్చుట రాకపోవుట ప్రశ్నలవంతు. తన కేది తెలియునో, ఏది తెలియదో వేఱుపఱుచుకొనుట విద్యావంతుని వంతు.